మందు తగలని కాయ

తలుపు మూసుకుంది. లోపల సైదాబీ ఉంది, బయట బెంచీ మీద ఫెబా ఉంది. న్యాయంగా అయితే లోపల ఫెబా ఉండాలి, బయట సైదాబీ ఉండాలి. ప్రొఫెసర్ శివరామకృష్ణగారి గది తలుపుకి పైసగం గరుకుటద్దం. అందులోంచి మనిషి కనిపించదు, రంగు కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు ఒకటి అద్దానికి అవతల కదలకుండా నిలబడి ఉంది. అది సైదాబీ చీర. అంటే కూర్చోమని ఎవరూ అనలేదు. పక్కన అటూ ఇటూ కదులుతున్న పసుపు రంగు అఖిల, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్. సార్ టేబులు వెనక ఉంటారు కాబట్టి ఆయన రంగు తెలియదు, గొంతు మాత్రం వస్తుంది, మాటలు రావు. ఇవాళ్టితో సైదాబీ పని పోతుంది. ఈ ల్యాబులో గాజుసామాను కడిగే పని. అది పోకుండా ఆపగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ చున్నీ అంచుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది. లేచి తలుపు తోసి చెప్పాలి. సార్, గాజులో ఏమీ లేదు, మందు కాయలోనే ఉంది. అంతే కదా, ఊపిరి తీసుకునేంత మాట. కానీ ఆ మాట ఒక్కటే రాదు. దాని తోక పట్టుకుని ఇంకో మాట వస్తుంది, దాని వెనక ఇంకోటి, ఎండిన మిరపచెట్టు పీకితే వేళ్ళతోపాటు మట్టిగడ్డ లేచినట్టు అన్నీ లేచివస్తాయి, చివరికి ఫెబా ఎవరో బయటపడుతుంది.

వరండా అవతల ఎండ కాగుతోంది. హైవే మీద మిరప లారీ ఏదో పోయినట్టుంది, గాలి ఘాటెక్కింది, కింది అంతస్తులో ఎవరో వరసగా తుమ్మారు. ఫెబాకి తుమ్ము రాదు. చిన్నప్పటి నుంచీ రాదు. కల్లంలో మిరపకాయల పక్కన గుడ్డ పరిచి పడుకోబెడితే నిద్రపోయేదానివని అమ్మ చెబుతుంది. ఆ సంగతి కూడా ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే అడుగుతారు కదా, ఎవరి కల్లం అని. ఒంగోలు దగ్గర చిన్న కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతూ, ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుకి ఈ యూనివర్సిటీ ల్యాబులో చోటు దొరికితే చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ఇంకా చెవిలో ఉండగానే ఇక్కడికొచ్చి మొదటి రోజే అబద్ధమాడింది. అఖిల అడిగింది, తప్పుగా ఏమీ అడగలేదు, ఇక్కడ ఎవరినైనా ఎవరైనా అడిగేదే. "మీదే ఊరు?" "పర్చూరు దగ్గర." "ఓ, అటు సైడా. పొగాకా, మిరపా? ఎన్నెకరాలు మీకు?" పొన్నూరు వైపు వరి పండించే ఇంటి పిల్ల అఖిల, ఆమెకి ఆ ప్రశ్న అన్నం తిన్నావా అన్నంత మామూలు. ఈ నేల మీద మనిషిని కొలిచే బద్ద అదే. ఫెబా అనే పేరు వినగానే సగం కొలత అయిపోతుంది, చర్చి తెలుస్తుంది, చర్చి తెలిస్తే ఊళ్ళో ఇల్లు ఏ వైపో తెలుస్తుంది, ఇక మిగిలింది ఎకరాలే. "రెండు" అంది ఫెబా. అబద్ధం కూడా చిన్నదే ఆడింది, చుట్టాలింట్లో గిన్నెలోంచి చిన్న ముక్క ఏరుకున్నట్టు. "రెండెకరాల మిరపంటే మాటలా? ఆసామివే అయితే!" అని అఖిల భుజం తట్టింది. ఆ రోజు నుంచీ ల్యాబులో ఆమె పేరు ఆసామి. ఆసామీ, ఆ బీకరు అందుకో. ఆసామిగారు టీ తాగుతారా? పిలిచిన ప్రతిసారీ లోపల ఏదో ముడుచుకునేది. అయినా పిలవకపోతే ఎదురుచూసేది. సిగ్గులేని మనసు.

అద్దంలో ఆకుపచ్చ కదిలింది. ఫెబా సగం లేచింది. లేదు, సైదాబీ కాలు మార్చుకుని నిలబడిందంతే. కూర్చుంది మళ్ళీ.

ఆ చిన్న అబద్ధం అక్కడితో ఆగి ఉంటే పోయేది. మిరపకాయల్లో పురుగుమందు ఎంత మిగిలిందో కనిపెట్టే పని ఈ ల్యాబుది. అది కనిపెట్టాలంటే ముందు యంత్రానికి ఏ మందూ తగలని కాయ ఎలా ఉంటుందో చూపించాలి, దాన్ని పక్కన పెట్టి మిగతా కాయల్ని కొలవాలి. బ్లాంక్ అంటారు దాన్ని. కోర్టులో అబద్ధమాడని సాక్షి లాంటిది. "గుంటూరు జిల్లాలో మందు తగలని మిరపకాయా? దొరికితే పటం కట్టించి దణ్ణం పెట్టుకుందాం సార్" అంది అఖిల. అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక సార్ ఫెబా వైపు తిరిగారు, "మీకు సొంత చేనుంది కదమ్మా, ఇంటి వాడకానికి మందు కొట్టని మొక్కలేమన్నా ఉంచుకుంటారా?" అని. ఉంచుకుంటాం సార్, మా చేలో ఒక పక్కన ఉన్నాయి. నోరు ఎంత తేలిగ్గా తెరుచుకుంది అప్పుడు! ఇప్పుడెందుకు తెరుచుకోదు? చేను లేదు. ఉన్నది ఇంటి వెనక, స్నానాల దడి పక్కన, అమ్మ వేసిన ఒక వరస మొక్కలు. స్నానం నీళ్ళే వాటికి తడి. అమ్మ రెబ్కా పగలంతా నాగేంద్రబాబుగారి చేలో కాయలు కోసి, వంగిన నడుము అలాగే ఉంచుకుని ఇంటికొచ్చి, ఆ వరసలో కలుపు తీసేది. అంత చాకిరీ చేసి ఇంటికొచ్చి మళ్ళీ మిరపేనా అమ్మా అంటే, అవి వాళ్ళవి, ఇవి నావి అనేది. ఆ వరసనే ఫెబా చేను చేసింది. అమ్మకి ఫోన్ చేసి, యూనివర్సిటీలో పరీక్ష చెయ్యడానికి మన చెట్ల కాయలు కావాలి, వాటికి మందు తగలకూడదు, నాన్నకి కూడా చెప్పు అంది. అమ్మ మురిసిపోయింది. "మన కాయలా? పెద్ద పెద్ద సార్లు మన కాయలు చూస్తారంటావా?" అంది. పేటంతా చెప్పుకుంది.

పేటంతా చెప్పుకోవడంతోనే వచ్చింది చిక్కు. నల్ల తామర పురుగు ఊరిమీద పడింది. పూత రాలుతోంది, ఆకు ముడుచుకుంటోంది. నాగేంద్రబాబుగారి చేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాన్న వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టాడు. ఆ చుట్టుపక్కల ఎలీషా కొడితే పురుగు చావాల్సిందేనని పేరు. ఆ పేరు తప్ప నాన్నకి వేరే ఆస్తి లేదు. ఇంటికొచ్చి చూస్తే తన పెరట్లో మొక్కలే ముడుచుకుంటున్నాయి, కూతురు చదివే యూనివర్సిటీకి వెళ్ళాల్సిన మొక్కలు. ఊరందరి చేలో పురుగుని చంపిన ఎలీషా, కూతురి సార్లకి ముడత పడిన కాయలు పంపిస్తాడా? కోతల పండుగకి చర్చికి తీసుకెళ్ళే గంపలో పుచ్చిన కాయ పెడతామా? మొదటి కోతలో మంచివి ఏరి, నిగనిగలాడేవి పైన పేర్చి, అవి బలిపీఠం ముందు పెట్టి, మిగిలిన వంకరవి ఇంట్లో కూరలో వేసుకుంటాం. ఇచ్చే కాయకి మచ్చ ఉండకూడదు. ఆ లెక్కే వేశాడు నాన్న. ట్యాంకు అడుగున మిగిలిన మందుని, నాగేంద్రబాబుగారికి కూడా చెప్పకుండా, తెచ్చి ఆ వరసకి కొట్టాడు. మందు తగలకూడదని రెబ్కా చెప్పిన మాట ఆయనకి ఎలా అర్థమైందో ఫెబా ఊహించగలదు. కాయల మీద మందు మరకలు, వాసన ఉండకూడదని. అందుకే కోశాక కడిగారు కూడా. మంచినీళ్ళతో కడిగి, అమ్మ తన చీర మీద ఆరబోసింది.

అవి ఆర్టీసీ బస్సులో వచ్చాయి. నాన్నే తీసుకొస్తానన్నాడు. వద్దంది ఫెబా, ఎండకి నువ్వెందుకు నాన్నా, డ్రైవరుకిచ్చి పంపు, నేను బస్టాండులో తీసుకుంటా అంది. ఎండ కాదు కారణం. నాన్న తెల్లచొక్కా వేసుకుని, సంచి గుండెకి ఆనించుకుని, ఈ వరండాలో నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ నమస్కారం పెడతాడు. చెప్పులు గుమ్మం బయట విడుస్తాడు. ఇక్కడ ఎవరూ విడవరు. అది తలచుకుంటేనే ఒళ్ళు చచ్చిపోయింది ఆ రోజు. సంచి మూతి విప్పితే ల్యాబులో అందరూ ఆ ఎరుపు చూసి నోళ్ళు తెరిచారు. సార్ ఒక కాయ తీసి వెలుతురుకి పట్టి చూసి, "మందు లేకుండా ఇంత కాయ! మీ నాన్నగారు గట్టి రైతమ్మా, ఒకసారి పిల్లల్ని తీసుకుని మీ చేను చూడ్డానికి రావాలి" అన్నారు. మీ నాన్నగారు. గట్టి రైతు. ఆ రెండు మాటలూ విని ఫెబా ఏం చేసింది? నవ్వింది. నిజంగానే సంతోషమేసింది, అదే అన్నిటికంటే అసహ్యం. ఆ పూట కాసేపు తన నాన్నకి చేను ఉన్నట్టే, గట్టు మీద గొడుగేసుకుని నిలబడి కూలివాళ్ళకి పని చెబుతున్నట్టే అనిపించింది. ఆ గొడుగు కింద ఉన్న మనిషి మొహం మాత్రం రాలేదు. ఎంత ఊహించినా రాలేదు.

లోపల సార్ గొంతు పెరిగింది. "నేనేం చెయ్యను సైదాబీ?" ఈ ఒక్క ముక్క తలుపు దాటి వచ్చింది. తర్వాత మళ్ళీ గొణుగుడు. వినలేని దాన్ని వినడానికి ప్రయత్నిస్తే మనసు ఇంకెక్కడికో పోతుంది, వాసనలోకి పోయింది. యంత్రాన్ని సరిచూడ్డానికి అసలు మందు చిన్న చిన్న సీసాల్లో వస్తుంది. ఒకరోజు అఖిల ఒక సీసా మూత తీసింది. వెల్లుల్లి కుళ్ళినట్టు ఒక ఘాటు. తీయగానే ల్యాబు పోయింది, లైట్లు పోయాయి, సాయంత్రమైంది, నాన్న గుమ్మంలోకి వచ్చాడు, చొక్కా విప్పి దడి మీద వేస్తున్నాడు, దగ్గరికి రావొద్దు తల్లీ, స్నానం చేసి ఎత్తుకుంటా అంటున్నాడు. స్నానం చేసినా పోయేది కాదు ఆ వాసన. ఏ సబ్బుకీ లొంగేది కాదు. ఆ మెడ పట్టుకుని నిద్రపోయిన పిల్ల ఫెబా, నాన్న వాసన అంటే అదే అనుకుంది చాలాకాలం, అందరి నాన్నలూ అలాగే ఉంటారనుకుంది. "ఛీ, ఏం కంపే బాబూ!" అని అఖిల ముక్కు మూసుకుంది. ఫెబా కూడా ముక్కు మూసుకుంది. మూసుకుని, ఛీ అంది. ఎవరూ అనమనలేదు. ఆ మాట ఆదివారం దాకా గొంతులో పుల్లగా అలాగే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెరట్లోకి వెళితే చెట్లు పచ్చగా, ముడత లేకుండా, పేటలో ఎవరి పెరట్లోనూ లేనట్టు ఉన్నాయి. అప్పటికే ల్యాబులో గొడవ మొదలైంది. మందు తగలని కాయలో యంత్రం మందు చూపించింది. అఖిల మళ్ళీ చేసింది, మళ్ళీ చూపించింది. అప్పటిదాకా ఆమె కొలిచిన కొలతలన్నీ ఆ కాయ మీదే నిలబడ్డాయి, అన్నీ కూలిపోయాయి. అందుకే ఫెబా నాన్నని అడిగింది, నవ్వుతూనే అడిగింది, వీటికేమన్నా కొట్టావా నాన్నా అని. నాన్న మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "నీకు తెలియనిస్తే కదా! తామర కమ్మేసింది తల్లీ. ఊరుకుంటానా? పనికిమాలిన కాయలు పంపితే ఆ సార్లు ఏమనుకుంటారు, ఫెబా వాళ్ళ నాన్నకి పని రాదనుకోరూ? ఒక్క తడుపు తడిపా. ఏమన్నారు మరి, కాయ బాగుందన్నారా?" చాలా బాగుందన్నారు నాన్నా. అంతే అనగలిగింది. గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా మాటలు పేర్చుకుంది. సార్, ఒక పొరపాటు జరిగింది. కాదు, సార్, మీకొకటి చెప్పాలి. కాదు కాదు, సార్, మాకు అసలు... చిలకలూరిపేట వచ్చేసరికి మాటలన్నీ సిద్ధం. గుంటూరు వచ్చేసరికి ఒక్కటీ లేదు.

మర్నాడు సార్ అందరినీ కూర్చోబెట్టి అడిగారు. కాయ తప్పా, గాజు తప్పా? కాయ తప్పు కావచ్చని అఖిలే అంది. సార్ తల అడ్డంగా ఊపారు. "ఆ అమ్మాయి సొంత చేను. కళ్ళెదురుగా పండిన కాయ. రైతు మాట కాదంటామా? ఫ్లాస్కుల్లోనే ఉంది, సరిగా కడిగి ఉండరు." చేను ఉన్నదాని మాట. లేని చేను సాక్ష్యం చెప్పింది, ఉన్న చేతులు దొంగవయ్యాయి. అప్పుడైనా నోరు విప్పలేదు. పైగా సార్ తనవైపు తిరిగి, "ఆ రోజు నీకిచ్చిన ఫ్లాస్కులు శుభ్రంగానే ఉన్నాయామ్మా?" అని అడిగితే, అద్దంలా ఉన్నాయి సార్ అనాల్సిన చోట, సైదాబీ కడిగిన ఫ్లాస్కు ఎత్తి చూస్తే అవతలి కిటికీ చువ్వలు లెక్కపెట్టొచ్చని తెలిసి కూడా, "గుర్తులేదు సార్" అంది. గుర్తులేదు. ఎంత తెలివైన మాట! అది అబద్ధం కూడా కాదని తనకి తానే చెప్పుకుంది. ఆ మాటే ఇవాళ సైదాబీని ఆ గదిలో నిలబెట్టింది. కాయలు పొడి కొట్టిన మొదటి రోజు దుమ్ము లేచి అఖిల దగ్గుతుంటే, తనకి దగ్గు రాకపోతే ఎక్కడ దొరికిపోతానో అని ఫెబా కూడా ఉత్తుత్తిగా దగ్గింది. సైదాబీ పరుగున వచ్చి, "అయ్యో పాపా, కళ్ళు మూసుకో, గట్టిగా మూసుకో" అంటూ తన చీర కొంగు తడిపి ఫెబా మొహానికి చుట్టింది. రాని దగ్గుకి వైద్యం చేసింది పిచ్చిది. తన కళ్ళు మాత్రం ఎర్రగా మండుతూ సాయంత్రం దాకా నీళ్ళు కారాయి.

తలుపు తెరుచుకుంది. అఖిల బయటికొచ్చి కూలర్ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఏంటే ఆసామీ, అలా ఉన్నావ్? మొహం పిండిబొమ్మలా ఉంది."

"ఏమన్నారు అక్కా?"

"ఏమంటారు? రేపటి నుంచి రావొద్దన్నారు. ఆమేమో ఏడవదు, తిట్టదు. కడిగాను సారూ, కడిగాను సారూ, అదొక్కటే మాట. నాకే ఏడుపొస్తోంది." గ్లాసులో నీళ్ళు సగం తాగి సగం పారబోసింది. "అయినా మందు ఎక్కణ్ణుంచో రావాలి కదే? గాల్లోంచి ఊడిపడదుగా."

"రాదు" అంది ఫెబా. అని, లేచింది. ఎందుకు ఇప్పుడు లేచిందో తెలియదు, ధైర్యం వచ్చి కాదు, ఇంకో నిమిషం కూర్చుంటే ఇక ఎప్పటికీ లేవలేనని భయమేసి లేచింది. అఖిలని దాటి లోపలికి వెళ్ళింది. సైదాబీ తల తిప్పి చూసింది. ఆమె చేతులు రెండూ కడుపు మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, గాజు కడిగే అసిటోనులో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి.

"సార్, గాజులో ఏమీ లేదు సార్. మందు కాయలోనే ఉంది. మా చెట్లకి కొట్టారు. నాకు ఆదివారమే తెలిసింది."

చెప్పేసింది. అంత తేలికా! సార్ కళ్ళజోడు తీశారు. "కొట్టారా? ఎవరు కొట్టారమ్మా?"

ఇక్కడ ఒక్క పదం చాలు. రెండక్షరాలు. ఆ పదం నాలుక చివరికి వచ్చింది, వెనకాలే గొడుగు వచ్చింది, గట్టి రైతు వచ్చాడు, చేను చూడ్డానికి వస్తానన్న సార్ వచ్చారు, ఆసామీ అని భుజం తట్టిన చెయ్యి వచ్చింది, అన్నీ కలిసి ఆ పదాన్ని వెనక్కి తోసేశాయి. ఫెబా నోరు ఇంకో మాట అంది. "మా పొలంలో పనిచేసే మనిషి సార్. తెలియక కొట్టాడు."

తను అన్న మాట తనకే ఎవరో అన్నట్టు వినిపించింది. కొట్టాడు. కొట్టాడట. ఆ మనిషి. సైదాబీ మాత్రం "యా అల్లా" అని పైకి చూసి, ఫెబా భుజం పట్టుకుంది, "నా తల్లే, బంగారు తల్లే" అంది, ఆ పొలుసులు లేచిన వేళ్ళు చున్నీకి గీసుకున్నాయి. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. సార్ కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో కోపం కంటే ఊరటే ఎక్కువ కనిపించింది, తప్పు ఎక్కడుందో దొరికితే ఆయనకి చాలు. "ముందే చెప్పాల్సిందమ్మా. సరే, ఏ మందు కొట్టాడో తెలిస్తే యంత్రం చూపించిన దానితో సరిపోతుందో లేదో తేలిపోతుంది. ఆ మనిషికి ఫోనుందా? చెయ్యి. స్పీకర్లో పెట్టు, నేను మాట్లాడతా."

ఉందని ఎందుకు చెప్పింది? లేదనొచ్చు కదా. బుద్ధి అప్పటికే నిలిచిపోయింది, చెయ్యి మాత్రం నడిచింది, ఫోను తీసి నంబరు నొక్కి టేబులు మీద పెట్టింది. పేరు మీద, పక్కన ఉన్న ఫొటో మీద బొటనవేలు పెట్టి కప్పేసింది. ఎత్తకు. దేవా, ఎత్తనీయకు. కల్లంలో ఉంటాడు, చేతులు ఖాళీ ఉండవు, వినపడదు. రెండో రింగుకే ఎత్తాడు. అవతల కల్లం గోల, ఆడవాళ్ళ మాటలు, పట్టా లాగుతున్న బరబర, దూరంగా నాగేంద్రబాబుగారి కేక, "ఒరేయ్ ఎలీషా, ఎండ పోతందిరా, తిరగెయ్యి!" అని.

"చెప్పు తల్లీ" అన్నాడు నాన్న.

సార్ ముందుకి వంగారు. "ఏమయ్యా, నేను యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ని మాట్లాడుతున్నా. నువ్వు ఫెబా వాళ్ళ పొలంలో పనిచేస్తావట కదా?"

అవతల మాట ఆగింది. కల్లం ఆగలేదు, ఎవరో నవ్వుతున్నారు, ఎవరో దగ్గుతున్నారు, పట్టా బరబరమంటూనే ఉంది, మధ్యలో ఆ ఒక్క గొంతు మాత్రం లేదు. ఆ ఖాళీలో నాన్న ఏం చూస్తున్నాడో ఫెబాకి కనిపించింది. కనపడకూడదని కళ్ళు మూసుకున్నా కనిపించింది. పొలం అన్న మాటని చేతిలోకి తీసుకుని, కొత్త విత్తనాన్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అది ఎవరు చెప్పి ఉంటారో, ఎందుకు చెప్పి ఉంటారో ఒక్కొక్కటే అర్థం చేసుకుంటున్నాడు. కోప్పడు నాన్నా. ఏ పొలం అని అడుగు. నా పరువు తీసెయ్.

"అవునండయ్యా" అన్నాడు. "వాళ్ళ దగ్గరే చేస్తానండి."

"వాళ్ళ మిరపకి మందు కొట్టావా?"

"కొట్టానండి. పొరపాటయిందండి. వద్దనే చెప్పారండి వాళ్ళు, నాకే బుద్ధి లేకపోయింది." గొంతు ఎక్కడా తొణకలేదు. నాగేంద్రబాబుగారితో మాట్లాడే గొంతు అది, ఫెబా ఎప్పుడూ తనకి తగిలేంత దగ్గరగా వినని గొంతు. "అమ్మాయిగారికి తెలవదండి. వాళ్ళ నాన్నగారికి కూడా తెలవదండి. ఆయన శానా మంచి రైతండి. ఈ సంగతి తెలిస్తే బాధపడతాడు. మీరు అమ్మాయిగార్ని ఏమీ అనమాకండి."

సార్ మందు పేరు అడిగారు. నాన్న చెప్పాడు, ప్రొఫెనోఫాస్ అని, నోరు తిరగక కొంచెం వంకరగా, అయినా సరిగ్గానే చెప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ అఖిల అవునన్నట్టు తల ఊపింది. యంత్రం చూపించింది అదే. సార్ టేబులు మీద చిన్నగా చరిచారు. "అయిపోయింది. చూశావా సైదాబీ, ఎంత పనైందో! రేపు రా, ఎప్పటిలాగే రా." తర్వాత ఫోను వైపు చూసి, తల ఆడిస్తూ నవ్వి, "వీళ్ళకి ఎంత చెప్పినా ఇంతేనమ్మా. ఇక పెట్టేయ్" అన్నారు.

సైదాబీ ఫోను వంక చూస్తోంది. ఫెబా వేలు జారిపోయి ఎంతసేపయిందో. ఫొటోలో తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు, ఫెబా ముక్కు, ఫెబా గడ్డం. సైదాబీ చూసింది, చూడనట్టు కళ్ళు దించుకుంది, తనకి ఇప్పుడే మేలు చేసిన పిల్ల సిగ్గుని కొంగుతో కప్పుతున్నట్టు. ఎర్రగా గుండ్రంగా ఉంది ఫోను పెట్టేసే గుర్తు. దాన్ని నొక్కితే అయిపోతుంది. సైదాబీ పని సైదాబీకి ఉంది, అఖిల కొలతలు మళ్ళీ మొదలవుతాయి, చేను చేనులాగే ఉంటుంది, గట్టు మీద గొడుగు అలాగే ఉంటుంది. ఇకముందు ఎప్పుడైనా సార్ ఊరొస్తే నాన్న పాలేరులా పక్కకి తప్పుకుంటాడు, తప్పుకోగలడు, ఎంత బాగా తప్పుకోగలడో ఇప్పుడే చూపించాడు. అమ్మ ఏడ్చినా ఆయన చెప్పడు. ఎప్పటికీ అడగడు కూడా. ఆదివారం ఇంటికెళితే అన్నం పెట్టించి, ఏమన్నారు తల్లీ సార్లు అంటాడు. ఆ వేలు గుర్తు మీదికి వెళ్ళింది, అక్కడే ఆగింది. నొక్కలేదు. ఫోను నోటి దగ్గరికి తీసుకోకుండా, టేబులు మీద అందరి మధ్యా ఉన్నచోటే ఉంచి, గట్టిగా, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు అంది.

"నాన్నా."

ఫ్యాను తిరుగుతోంది. సార్ కళ్ళజోడు పెట్టుకోబోతూ చెయ్యి గాల్లోనే ఆపారు. తలుపు దగ్గర పసుపు రంగు కదలడం మానేసింది.

"నాన్నా, నేను..."

అటువైపు కల్లం గోల ఉన్నట్టుండి తగ్గింది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని మనుషుల్లోంచి ఇవతలికి నడిచి వచ్చినట్టున్నాడు. వంగి, గొంతు బాగా తగ్గించి, చిన్నప్పుడు చర్చిలో ప్రార్థన మధ్య మాట్లాడితే చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"మెల్లగా తల్లీ. సార్లు వింటారు."